వాన ఆగకూడదు

వాన ఆగకూడదని ఆ కారులో కోరుకుంటున్నది ఆమె ఒక్కతే. వెనక సీట్లో, కట్టు కట్టిన చేతిని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నర్సమ్మ, "ఈ దిక్కుమాలిన వాన ఎప్పటికి తెరిపిస్తుందో" అని మూడోసారి అంది. తన కారు తాను నడపలేని ఆవిడ బదులు స్టీరింగు ముందున్న మామయ్య, "కొండ సగం ఎక్కేలోపు ఆగుతుంది లెండి నర్సమ్మగారూ, అటు చూడండి, మబ్బు పలచబడుతోంది" అన్నాడు. మామయ్య పక్క సీట్లో ఉన్న ఆమె అటు చూడలేదు. కుడి చేయి పని చొక్కా జేబులో ఉంది. ఆ జేబులో మూడు కాగితం ముక్కలున్నాయి. పెట్రోలు బంకు దాటగానే, చలికి చేయి లోపల పెట్టుకున్నప్పుడు, అవి వేళ్ళకు తగిలాయి. అప్పటినుంచి చేయి బయటికి తీయలేదు. తీస్తే మామయ్య చూస్తాడని కాదు. వేళ్ళు అక్కడినుంచి కదలడం లేదు, అంతే.

మామయ్య షెడ్డులో ఒక పద్ధతి ఉంది. మసకబారిన హెడ్‌లైట్లు తోమడానికి ఏ కారు వచ్చినా, నీళ్ళలో ముంచి రుద్దే గరుకు కాగితం, వాటర్ పేపరు, ప్రతి నంబరుదీ నడిమికి చింపుతారు, సగం కుడి దీపానికి, సగం ఎడమ దానికి. ముందు ఎనిమిది వందల నంబరు, అది గరుకుది, పచ్చగా పట్టిన పాత పొరను గీకేస్తుంది. తర్వాత పదిహేను వందలు, ఆ తర్వాత రెండు వేలు, చివరికి మూడు వేలు. ఒక్కోటీ దాని ముందుదాని గీతలను మాన్పుతూ పోతుంది. ఆపైన కాంపౌండ్ అనే మెరుపు ముద్ద పెట్టి గుడ్డతో రుద్దాలి. "ఒకే ముక్కతో రెండూ తోమితే పెద్దదానికి కొత్త బట్ట, చిన్నదానికి విడిచిన బట్ట ఇచ్చినట్టే కోడలా. కవలపిల్లలు వాళ్ళు. తేడా చూపకూడదు" అని మొదటిరోజే చెప్పాడు మామయ్య. వాడిన ముక్కలు ఎడమ జేబులో వేస్తుంది, వాడాల్సినవి కుడి జేబులో. వాడిన ముక్క నీళ్ళకు నానిపోయి పాత గుడ్డలా మెత్తగా ఉంటుంది. కుడి జేబులోని ఈ మూడూ మెత్తగా లేవు. అంచులు వేలిని కోసేంత బిర్రుగా ఉన్నాయి. పదిహేను వందలు, రెండు వేలు, మూడు వేలు. మూడూ ఎడమ దీపానివి.

అంటే ఎడమ దీపాన్ని ఎనిమిది వందలతో గీకి, అక్కడే వదిలేసింది. కాంపౌండ్ గుడ్డ దాన్ని తాకనే లేదు. ఎలా వదిలేసింది? ఎంత తవ్వుకున్నా ఆ మధ్యాహ్నం ముక్కలు ముక్కలుగానే వస్తోంది. కుడి దీపం పూర్తయింది, ఆరబెట్టింది, మామయ్య చెప్పినట్టు ఎండిన గుడ్డతో తుడిచి పక్కనుంచి వంగి చూసింది, లోపలి బల్బు తీగ కూడా కనబడింది, ఇంత తృప్తిగా ఉందేమిటా అనుకుంది. ఎడమదాని చుట్టూ రంగు గీసుకుపోకుండా టేపు అంటించింది, గీకడం మొదలుపెట్టింది. నర్సమ్మ అప్పుడే స్టూలు ఈడ్చుకొచ్చి పక్కన కూర్చుంది. దీపాలు తోమించాలని ఎందుకు బుద్ధి పుట్టిందో చెప్పడం మొదలుపెట్టింది. పై ఊళ్ళోంచి నొప్పులు పడుతున్న మనిషిని వెనక సీట్లో పడుకోబెట్టుకుని ఇదే కొండదారిలో దిగిందట. "వెలుగు నా ముక్కు దాటితే ఒట్టు! కిటికీలోంచి తల బయటపెట్టి, రోడ్డు అంచు తెల్లగీత చూసుకుంటూ దిగానే పిల్లా. వెనకాల ఆమె అరుస్తోంది, ముందు నేను అరుస్తున్నా. ఎవరి నొప్పి ఎక్కువో తెలీలేదు." అని నవ్వింది. ఆమె నవ్వలేదు. చేయి ఆగిపోయింది. నర్సమ్మ తల బయటికి పెట్టడం, చీకటి, ఆ చీకట్లో లోయ ఎక్కడుందో తెలియకపోవడం, అన్నీ కళ్ళకు కట్టినట్టయ్యాయి. సరిగ్గా అప్పుడే మామయ్య ఇంకో కారు నెట్టడానికి కేకేశాడు, వెళ్ళింది. గాలి తిరిగి వాన జల్లు షెడ్డులోకి కొట్టింది. తిరిగొచ్చేసరికి ఎడమ దీపం నీళ్ళు కారుతూ, గాజు గిన్నెలా, తళతళా ఉంది.

తడిసిన దీపం అబద్ధం చెబుతుంది. ఈ సంగతి ఆమెకు తెలియదా? కొత్తగా వచ్చినవాళ్ళకు ఆమే కదా చెప్పేది. గీతల్లోకి నీళ్ళు దిగి కూర్చుంటాయి, గరుకంతా మునిగిపోతుంది, వాగులో రాళ్ళు వరదకు మునిగినట్టు. ఆరితే ఒక్కోటే తేలుతుంది. తెలుసు. తెలిసినా చేయి వెళ్ళి టేపు పీకేసింది. చేతికి అలవాటు ఎక్కువ, బుద్ధి తక్కువ. మామయ్య అటునుంచి "అయిందా?" అన్నాడు. ఆమె తలూపింది. అబద్ధం చెప్పలేదు, అయిందనే అనుకుంది. మామయ్య మామూలుగా అయితే వచ్చి బొటనవేలితో రాసి చూస్తాడు. ఇవాళ రాలేదు. "నీ చేయి పడ్డాక నేను చూడటమెందుకు? పైపూత రేపు నర్సమ్మగారింటి దగ్గర ఎండలో వేద్దాం, సామాను కారులో పెట్టు, చీకటి పడేలోపు కొండ దాటాలి" అన్నాడు. ఆ మాటకు అప్పుడు ఎంత సంబరపడింది!

షెడ్డు గుమ్మం దగ్గర మొదలైన తడి ఇప్పటికీ ఆరలేదు. అందుకే ముందు రోడ్డు అంత బాగా కనబడుతోంది. రెండు వెలుగులూ జంటగా పరుచుకుని, తడిసిన తారు మెరుస్తోంది, ఎడమవైపు అంచురాళ్ళు ఒక్కోటే తెల్లగా వచ్చి పక్కనుంచి జారిపోతున్నాయి. ఆ రాళ్ళకు అవతల ఏమీ లేదు. కిటికీ ఆమె వైపే, కాబట్టి ఆ ఏమీ లేనిదాని పక్కనే ఆమె కూర్చుంది. మొదట్లో చెట్ల కొమ్మలు కనబడ్డాయి, తర్వాత చెట్ల నెత్తులు, ఇప్పుడు బూడిదరంగు ఖాళీ. వైపర్లు అటూ ఇటూ, అటూ ఇటూ. ఆ చప్పుడు వింటున్నంతసేపూ ప్రాణం కుదురుగా ఉంది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య కాస్త ఎడం పెరిగితే చాలు, వేళ్ళు జేబులోని ముక్కలను నొక్కిపడుతున్నాయి. పడు, పడు, ఇంకా పడు, అని వానను లోపల లోపలే బతిమాలుకుంటోంది. ఇంతవరకూ వానను ఎవరైనా ఇలా బతిమాలారా? బతిమాలి ఉంటారు, ఎండిన పొలాల ముందు నిలబడి. వాళ్ళు బతకడానికి అడిగారు. తను మాత్రం నోరు మూసుకుని ఉండటానికి అడుగుతోంది.

చెప్పేస్తే సరిపోతుంది. నాలుగు మాటలు. మామయ్యా, ఎడమ దీపం పూర్తవలేదు. వచ్చే మలుపులో చెప్పేద్దాం. మలుపు వచ్చింది, మామయ్య గేరు తగ్గించి, నాలుక కొరుక్కుని, ఒళ్ళంతా స్టీరింగు అయిపోయి తిప్పుతున్నాడు, ఇప్పుడా చెప్పడం? మలుపు దాటింది. దాటాక ఆయన ఊపిరి వదిలి, "ఏమే పిల్లీ, నోట్లో ఏమైనా దాచుకున్నావా, పెదవి కదపవు?" అన్నాడు. మాట్లాడదని, అడుగుల చప్పుడు వినబడదని, చిన్నప్పటినుంచీ ఆయన పెట్టిన పేరది. "అది ఎప్పుడు మాట్లాడింది గనక. నువ్వు మాట్లాడే దాంట్లో సగం దానికివ్వు మేస్త్రీ, ఇద్దరూ బాగుపడతారు" అంది నర్సమ్మ. మామయ్య పకపకా నవ్వాడు. ఆ నవ్వులోనే చెప్పేయాల్సింది. నవ్వు అయిపోయింది.

బడిలో కూడా ఇంతే. మాస్టారు లెక్క చేసి చూపించి, "అర్థమైందా?" అని వరసగా అందరి మొహాలూ చూసేవారు. తన దగ్గరికి వచ్చేసరికి కళ్ళు ఒక్క క్షణం ఆగేవి. ఆ ఒక్క క్షణంలో కాలేదండీ అనాలి. నోరు పెగిలేది కాదు. మాస్టారు మౌనాన్ని ఆఁ కిందే లెక్క వేసుకుని ముందుకు వెళ్ళిపోయేవారు. అలా ఎన్ని ఆఁలు తన తరఫున ఎవరెవరో అనేసుకున్నారో. పలక మీద తప్పు లెక్క ఉంటే ఉమ్మి పెట్టి తుడిచేయవచ్చు, ఎవరూ చావరు. ఆ భయం చిన్నది, చింతగింజంత. ఇప్పుడు అదే భయం, అదే ఆకారంలో, కారంత పెద్దదై తనను లోపల కూర్చోబెట్టుకుని కొండెక్కుతోంది.

అమ్మకు ఆమె షెడ్డులో పనిచేయడం ఇష్టం లేదు. "మగాళ్ళ మధ్య ఆ గ్రీజులో ఏం నేర్చుకుంటుందిరా, పంపించెయ్" అని ప్రతిసారీ అంటుంది. మామయ్య ప్రతిసారీ, "అక్కా, దాని వేళ్ళతో చూస్తుందే అది. నా షెడ్డులో ఆరుగురున్నారు, గీత ఎక్కడుందో తడిమి చెప్పేది ఇదొక్కతే" అంటాడు. మొన్ననే షెడ్డు బోర్డు మళ్ళీ రాయిస్తూ, కింద వరుస ఖాళీ ఉంచమన్నాడు రంగులవాణ్ణి. దీపాల పని మా మేనకోడలు చూస్తుంది, అని అక్కడ రాయిస్తాడట. నలుగురి ముందూ అన్నాడు. ఆ ఖాళీ వరుస గుర్తొస్తే ఇప్పుడు దాని మీద ఎనిమిది వందల నంబరు గీతలు కనబడుతున్నాయి, అడ్డంగా, నిలువుగా. చెప్తే మామయ్య తిట్టడు. అదే భయం. తిట్టడు, ఊరికే ఒకసారి చూస్తాడు, రేపటినుంచి ప్రతి దీపానికీ బొటనవేలు పట్టుకుని వస్తాడు. ఇక ఆమె చేయి ఆమెది కాదు. చెప్పకపోతే? వాన ఇలాగే పడితే ఇంకో అరగంటలో అవతలికి దిగిపోతారు. పొద్దున్నే ఎవరూ లేవకముందు లేచి, ఆ మూడు ముక్కలతో పూర్తిచేసేస్తుంది. చీమకు కూడా తెలియదు. ఎంత సులువు. వాన ఒక్కటి పడితే చాలు. ఆ ఒక్కదాని మీద మూడు ప్రాణాలు పెట్టి కూర్చుందని వెంటనే అనిపించింది. మామయ్యకు ఇద్దరు చిన్నపిల్లలు. నర్సమ్మ కోసం పై ఊళ్ళో నెలలు నిండినవాళ్ళు ఎదురుచూస్తుంటారు. చెప్పు. చెప్పు.

వైపరు కీచుమంది.

పొడి అద్దం మీద రబ్బరు ఈడ్చుకుపోయిన చప్పుడు అది. ఇంకోసారి కీచుమంది. "నే చెప్పలా?" అంటూ మామయ్య దాన్ని ఆపేశాడు. కారులో ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దం వచ్చిందంటే నర్సమ్మ ఊపిరి కూడా వినబడింది. "హమ్మయ్య" అంది నర్సమ్మ. ముందు సీట్లో ఆమె కళ్ళు రోడ్డును వదల్లేదు. ఇంకా బాగానే ఉంది. అంచురాయి, అంచురాయి, ఒక పొద, అంచురాయి. ఎంతసేపు పడుతుంది? లోపల బల్బు వేడి, బయట ఎదురుగాలి. షెడ్డులో అయితే తుడిచాక పది లెక్కపెట్టేలోపు ఆరుతుంది. లెక్కపెట్టడం మొదలుపెట్టింది. నాలుగు దగ్గర ఆపేసింది, లెక్క పెడితే తొందరగా ఆరుతుందేమోనని. వెలుతురు కూడా పోయింది. ఆకాశమూ కొండా ఒకే రంగయ్యాయి. కుడి వెలుగు గీసినట్టు నిటారుగా ఉంది. ఎడమ వెలుగు అంచులు మొదట మెత్తబడ్డాయి. తర్వాత ఉబ్బాయి. పాలు నీళ్ళలో ఒలికినట్టు తెలుపు నెమ్మదిగా పరుచుకుంటూ పైకి లేచింది. లోయలోంచి వచ్చే తేమ గాలి ఆ తెలుపును పట్టుకుని గోడలా నిలబెట్టింది. ఒక అంచురాయి మాసింది. తర్వాతిది రాలేదు.

"మంచు పట్టేసిందే" అన్నాడు మామయ్య, ముందుకు వంగి.

"ఈ రోజుల్లో మంచెక్కడిది మేస్త్రీ?"

"కొండకు రోజులూ నెలలూ తెలుసా నర్సమ్మగారూ, దాని ఇష్టం." అని వెలుగు పెద్దది చేశాడు. గోడ ఇంకా తెల్లబడి మీదికి వచ్చింది. కుడి వెలుగును కూడా మింగేసింది. మామయ్య కళ్ళు చికిలించి, గడ్డం స్టీరింగుకు ఆనించి, వేగం తగ్గించాడు కానీ ఆపలేదు. మంచయితే పది గజాల్లో పలచబడుతుందని ఆయన నమ్మకం. మంచును దాటినవాడికి మంచు భయం ఉండదు. ఎడమ చక్రం కింద గులకరాళ్ళు పటపటమన్నాయి. తారు మీద గులకరాళ్ళు ఉండవు. తారు అంచులో ఉంటాయి. ఆమె పాదాలు తమంతట తామే నేలను తన్నిపట్టాయి, అక్కడ తనకూ ఒక బ్రేకు ఉన్నట్టు.

"మంచు కాదు మామయ్యా" అంది. గొంతు తనది కాదు. "నేను."

కారు ఆగింది. ఏమీ అర్థం కానట్టు మామయ్య ఆమెకేసి తిరిగాడు. ఆమె జేబులోంచి చేయి తీసింది. అరచేతిలో మూడు ముక్కలు, చెమటకు కాస్త వంగి. ఆయన వాటిని చూశాడు. ముందున్న తెల్లగోడను చూశాడు. మళ్ళీ వాటిని చూశాడు. అడిగిందల్లా ఒకటే.

"ఎప్పటినుంచి తెలుసు?"

"బంకు దగ్గర."

బంకు దాటి నలభై నిమిషాలు. ఆయన దానికి జోకు వేయలేదు. తలుపు తీసుకుని దిగి, బానెట్ ఎత్తి, ఎడమ దీపం వెనక తీగను పీకేశాడు. గోడ సగం కూలిపోయింది. కుడివైపు రోడ్డు తేటగా, కొండరాయి తడిగా కనబడింది. ఎడమవైపు నల్లగా ఉంది. అంత నలుపు, కళ్ళు మూసుకున్నా ఉండదు. నర్సమ్మ వెనకనుంచి, "మీ మామాకోడళ్ళ పంచాయితీ తర్వాత. ముందు ఇక్కణ్ణించి కదుల్తామా? పైనించి రాళ్ళు దొర్లే చోటిది, వెనక ఏ లారీ అయినా వస్తే మనం చట్నీ" అంది. గొంతులో వణుకు ఉంది కానీ మాట తగ్గించలేదు. రెండు మలుపుల పైన రోడ్డు పనివాళ్ళ రేకుల గది ఉంది, అక్కడ దారి వెడల్పు, తెల్లవారేదాకా ఆగొచ్చు, అన్నాడు మామయ్య. అని స్టీరింగు వెనక కూర్చుని, కదలకుండా, ఎడమవైపు నలుపును చూస్తూ ఉండిపోయాడు. గేరు మీద చేయి వేసి, మళ్ళీ తీసేశాడు.

"నేను నడుస్తాను" అంది. తలుపు తీసింది. తీయడానికి ఎంత చోటుందో తెలియదు, ముందు కాలు పెట్టి తడిమింది. తారు. ఇంకో కాలు. గులకరాళ్ళు. ఫోను లైటు వేసుకుంది. ఆ వెలుగు మూడడుగుల దూరం పడి ఆగిపోయింది. కారుకు ముందు, ఎడమ అంచున నిలబడింది. కిందనుంచి గాలి పైకి వస్తోంది, చొక్కాను ఎత్తుతోంది, ఎవరో కొంగు పట్టి లాగినట్టు. ఇప్పటిదాకా భయం అంతటా ఉంది, వానలో, వైపర్లో, మామయ్య నవ్వులో. ఇప్పుడు అది అడుగంత ఉంది. ఒక్కో అడుగంత. తగ్గలేదు, అలాగే ఉంది, కానీ ఎక్కడుందో తెలుస్తోంది. ఎడమ పాదానికి పక్కన. "రా మామయ్యా" అంది. కారు కదల్లేదు. "వినబడ్డంలా!" అని మామయ్య కిటికీలోంచి అరిచాడు. "గట్టిగా చెప్పు, ఇంజను చప్పుడుకు ఏం వినబడుతుంది!" కోపమో భయమో తెలియదు. గొంతు చించుకుని "రా!" అంది. వెనక ఇంజను కదిలింది. రా. రా. అంచురాయి ఉంది, రా. ఇంకోటి ఉంది, రా. లెక్కపెట్టుకుంటూ పోతోంది, రాయికీ రాయికీ మధ్య ఏడడుగులు. ఏడు, రాయి. ఏడు, రాయి. ఏడు. రాయి లేదు. ఎనిమిదో అడుగు వేయబోయి కాలు ఎత్తింది, ఫోను వెలుగు కింద ఏమీ పడలేదు. వెలుగు పడటానికి నేల ఉండాలి కదా. వానకు రోడ్డు అంచు కొరికేసినట్టు, రాళ్ళతో సహా, తారుతో సహా, లోపలికి తినేసి ఉంది. కారు చక్రం నడిచే చోటిదాకా. ఎత్తిన కాలు ఎక్కడ దించిందో తెలియదు.

"ఆగు! మామయ్యా, ఆగు! రోడ్డు లేదు!"

బ్రేకు వేసిన చప్పుడు. బానెట్ వేడి వీపుకు తగిలింది, అంత దగ్గర. తెగిన అంచునుంచి ఒక గులకరాయి జారింది. అది నేలను తాకే చప్పుడు కోసం ముగ్గురూ చెవులొగ్గారు. రాలేదు. కూర్చోవాలనిపించింది, ఇక్కడే, తడిలో, తెల్లవారేదాకా. కూర్చోలేదు. వంగి, ఫోనుతో ఆ గుంట నోటి చుట్టూ మెల్లిగా గీత గీసినట్టు వెలుగు తిప్పి చూసింది, ఎక్కడిదాకా తిన్నది, ఎక్కడినుంచి గట్టిగా ఉంది. గట్టి తారును వేళ్ళతో తట్టి చూసింది. కుడివైపు కొండకూ ఈ గుంటకూ మధ్య కారు పట్టేంత ఉంది, అంతకు మించి జానెడు. గుంటకూ చక్రానికీ మధ్య తను నిలబడింది. నిలబడితే చక్రం తనను దాటి రాదు.

"కుడికి తిప్పు" అంది. మామయ్య ఏదో అడిగాడు. "నువ్వు అటు చూడకు. నా మాట విను. కుడికి. ఇంకా. కొండ రాసుకున్నా పర్లేదు, ఇంకా కుడికి. చాలు. ఇప్పుడు నిదానంగా రా." చక్రం కదిలింది, ఆమె మడమ పక్కనుంచి, తారును నొక్కుకుంటూ. రా. కుడి అద్దం కొండను గీరింది. రా, రా. లోయ మీదికి పోయిన గొంతు ఆలస్యంగా తిరిగొచ్చి, ఇంకెవరో తనతో పాటు పిలుస్తున్నట్టుంది. గొంతు ఎండిపోయింది, మాట చీలుతోంది. తను ఆగితే కారు ఆగిపోతుందని, ఆ గుంట పక్కన, ఆ జానెడులో, మామయ్యా నర్సమ్మా తన మాట పట్టుకుని ఉన్నారని తెలిసి, ఆమె ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా, రా, రా, అని అరుస్తూనే ఉంది.